డిస్కులెన్ని ఉన్నా.. కావాల్సిన ఒక్కటీ లేక!

* డిస్క్ గోల్ఫ్ సంచిలో లోటును గుర్తించడమెలా?
* కొత్తది కొనే ముందు మైదానంలో పరీక్ష తప్పనిసరి

అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లిన మన ప్రాంత తల్లిదండ్రులు సాయంత్రం వేళ పార్కులో నడుస్తూ, చెట్ల మధ్య ఇనుప స్తంభానికి గొలుసులు వేలాడదీసి కింద బుట్ట అమర్చిన సాధనాన్ని చూసి చెత్తబుట్ట కాబోలని అనుకోవడం సహజం. దూరం నుంచి ఎవరో విసిరిన ప్లాస్టిక్ పళ్లెం వంటి వస్తువు గాలిలో వంపు తిరుగుతూ వచ్చి ఆ గొలుసులకు తగిలి బుట్టలో పడినప్పుడు గానీ అసలు విషయం బోధపడదు. ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్. అక్కడి పార్కుల్లో చాలా చోట్ల ఉచితంగానే ఆడుకోవచ్చు. చదువుల కోసం వెళ్లి ఖర్చును ఆచితూచి పెట్టుకునే విద్యార్థికి ఇది అందుబాటులో ఉండే వినోదం. పెట్టుబడి అంతా డిస్కుల మీదే. చిక్కు కూడా అక్కడే వస్తుంది.

మూడు డిస్కులతో మొదలుపెట్టిన వారి సంచిలో ఏడాది తిరిగేసరికి ఇరవై చేరడం పరిపాటి. అయినా ఏదో ఒక మలుపు వద్ద నిలబడి సంచి మొత్తం వెతికితే ఆ సందర్భానికి సరిపోయేది మాత్రం కనిపించదు. 'సంచిలో లోటు ఉంది' అని ఇంకొకటి కొంటారు. లోటు తీరదు, బరువు పెరుగుతుంది. మామూలు గోల్ఫ్ నిబంధనల ప్రకారం ఆటగాడి వద్ద 14 కర్రలకు మించి ఉండరాదు. డిస్క్ గోల్ఫ్‌లో ఆ హద్దు లేదు. హద్దు లేకపోవడం వల్లే కొనుగోలుకు అంతు లేకుండా పోతోంది. లోటు అనేది అంకెల పట్టికలో ఖాళీగా కనిపించే గడి కాదు, ఆటగాడు వేయాల్సి వచ్చి వేయలేకపోతున్న విసురు. ఈ ఒక్క విషయం గ్రహిస్తే సగం డబ్బు మిగులుతుంది.

ఆట పుట్టిందిలా..

1975లో కాలిఫోర్నియా రాష్ట్రం లా కన్యాడా ఫ్లింట్‌రిడ్జ్‌లోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు ఏర్పడింది. దీనికి ఆద్యుడు ఎడ్ హెడ్రిక్. వామ్-ఓ సంస్థలో పనిచేస్తూ ఫ్రిస్బీకి మెరుగులు దిద్దింది ఈయనే. గొలుసుల బుట్టను రూపొందించిందీ ఈయనే. 1976లో ఆటగాళ్ల సంఘమైన పీడీజీఏను స్థాపించారు. 2002లో మరణించిన అనంతరం ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి కొన్ని డిస్కులు పోత పోశారంటే ఆ ఆటపై ఆయనకున్న మమకారం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

తొలినాళ్లలో అందరూ పిల్లలు ఆడుకునే గుండ్రటి అంచు ఫ్రిస్బీలనే విసిరేవారు. 1983లో డేవ్ డునిపేస్ రూపకల్పన చేసిన 'ఈగిల్' డిస్క్‌ను ఇన్నోవా సంస్థ తెచ్చింది. దాని అంచు ఏటవాలుగా, పలుచగా ఉండటంతో గాలిని కోసుకుంటూ ఎక్కువ దూరం వెళ్లింది. అంచు ఆకారాన్ని మార్చి డిస్క్ గమనాన్ని మార్చవచ్చని తేలడంతో రకాలు పుట్టుకొచ్చాయి. పీడీజీఏ ఆమోదం పొందిన నమూనాలు నేడు వెయ్యికి పైగానే ఉన్నాయి. ఇన్నింటిలోంచి ఒకటి ఎంచుకోవడమే అసలు సమస్య.

నాలుగు అంకెల కథ

డిస్క్ పైభాగాన సాధారణంగా నాలుగు అంకెలు ముద్రిస్తారు. మొదటిది స్పీడ్, రెండోది గ్లైడ్, మూడోది టర్న్, నాలుగోది ఫేడ్. స్పీడ్ అంటే డిస్క్ ఎంత వేగంగా పోతుందని కాదు, అది సక్రమంగా ఎగరాలంటే ఆటగాడు ఎంత వేగంగా విసరాలన్నది. కొత్తవారిని తప్పుదారి పట్టించేది ఈ అంకెే. గ్లైడ్ అనేది గాలిలో తేలే గుణం. మిగిలిన రెండూ దారి మళ్లడానికి సంబంధించినవి. కుడిచేతివాటం వారు బ్యాక్‌హ్యాండ్‌లో విసిరితే డిస్క్ పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. వేగంగా ఉన్నప్పుడు కుడివైపునకు మొగ్గడం టర్న్. వేగం తగ్గాక ఎడమవైపునకు ఒరుగుతూ దిగడం ఫేడ్. ఎడమచేతివాటం వారికి, కుడిచేత్తోనే ఫోర్‌హ్యాండ్ విసిరేవారికి ఇది తారుమారవుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందన్నది బొంగరం ఆడిన వారికి చెప్పనక్కర్లేదు. గిరగిర తిరిగే బొంగరాన్ని ఒక పక్కకు నెడితే అది నెట్టిన వైపు కాక మరో పక్కకు వాలుతుంది. డిస్క్ విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. వేగం తగ్గేకొద్దీ గాలి ఒత్తిడి డిస్క్ ముందుభాగంపై ఎక్కువై ముక్కును పైకెత్తాలని చూస్తుంది. కానీ తిరుగుడు వల్ల ఆ ప్రభావం పక్కకు మళ్లి డిస్క్ ఎడమకు వాలుతుంది. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు ఒత్తిడి వెనక్కు జరిగి దీనికి విరుద్ధంగా కుడికి మొగ్గుతుంది. కుడికి మొగ్గకుండా ఎడమకే గట్టిగా దిగే డిస్కులను ఓవర్‌స్టేబుల్ అనీ, తేలికగా కుడికి మళ్లేవాటిని అండర్‌స్టేబుల్ అనీ వ్యవహరిస్తారు.

ఉదాహరణకు ఇన్నోవా వారి ఏవియార్ పట్టర్‌కు 2, 3, 0, 1 అంకెలుంటాయి. డిస్క్రాఫ్ట్ వారి బజ్ మిడ్‌రేంజ్‌కు 5, 4, మైనస్ 1, 1. ఫెయిర్‌వే డ్రైవర్లలో లెపర్డ్ 6, 5, మైనస్ 2, 1 కాగా టీబర్డ్ 7, 5, 0, 2. ఫైర్‌బర్డ్‌కు 9, 3, 0, 4. దూరానికి పేరున్న డిస్ట్రాయర్‌కు 12, 5, మైనస్ 1, 3. మైనస్ ఎంత పెద్దదైతే కుడికి అంత మొగ్గు అని అర్థం.

అయితే ఈ అంకెలను ప్రమాణంగా భావించరాదు. పీడీజీఏ పరిశీలించేది డిస్క్ కొలతలు, బరువు, అంచు, వంగే గుణం వంటివే. వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించి బరువు ఉండరాదన్నది అందులో ఒక నిబంధన. 21.1 సెంటీమీటర్ల డిస్క్‌కు లెక్కగడితే 175 గ్రాములు వస్తుంది. చాలా డిస్కులపై 175 అన్న అంకె కనిపించడానికి కారణమిదే. గమనాన్ని సూచించే నాలుగు అంకెలు మాత్రం తయారీదారులు తమకు తాము వేసుకునేవి. ఒక సంస్థ 7 మరో సంస్థ 7తో సరిపోలాలన్న నియమం లేదు. ఒకే నమూనా రెండు రకాల ప్లాస్టిక్‌లో రెండు రకాలుగా ఎగురుతుంది. పైగా ఆ అంకెలన్నీ తగినంత వేగంతో విసిరే చేతికి వర్తించేవి. చేతి వేగం చాలకపోతే మైనస్ 1 కనిపించదు, చివరి 3 మాత్రం ముందే వచ్చిపడుతుంది.

పట్టికలో ఖాళీ.. సంచిలో లోటు కాదు

చాలామంది కాగితంపై గడులు గీసి, నిలువుగా స్పీడ్, అడ్డంగా ఓవర్‌స్టేబుల్ నుంచి అండర్‌స్టేబుల్ వరకు రాసుకుని తమ డిస్కులను అందులో నింపుతారు. ఖాళీగా మిగిలిన గడిని చూసి 'స్పీడ్ 10లో ఏమీ లేదు' అంటూ దుకాణానికి బయల్దేరతారు. పట్టిక వేయడంలో తప్పు లేదు. దాన్ని నింపడమే లక్ష్యమైతేనే తప్పు. వడ్రంగి ఉలులు కొనేటప్పుడు అరంగుళం, ముప్పావు అంగుళం మధ్య మరో కొలత లేదని కంగారు పడడు. చేస్తున్న పనిలో ఆ కొలత గాడి తవ్వాల్సి వచ్చి, ఉన్న ఉలితో కుదరనప్పుడే కొంటాడు. డిస్క్ విషయంలోనూ గాడి ముందు, ఉలి తర్వాత.

గాలి లేని ఉదయం పూట విశాలమైన మైదానానికి వెళ్లి సంచిలోని ప్రతి డిస్క్‌ను కనీసం ఐదుసార్లు విసరాలి. ఒకేదాన్ని వరుసగా ఐదుసార్లు విసిరితే చేయి దానికి అలవాటు పడుతుంది కనుక మార్చి మార్చి విసరడం ఉత్తమం. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానమైతే గీతలు గీసే ఉంటాయి. ఒక గోల్ గీత నుంచి మరో గోల్ గీతకు 100 గజాలు, అంటే సుమారు 91 మీటర్లు. కొలత సులువు. ప్రతి డిస్క్‌కు అతి మంచి విసురును, అతి చెడ్డ విసురును వదిలేసి మిగతా మూడూ ఎంత దూరంలో, ఏ పక్కన పడ్డాయో రాసుకోవాలి. అతి మంచి విసురును వదిలేయడానికి చాలామందికి మనసొప్పదు. ఆటలో పదిసార్లకు ఒకసారి వచ్చే దూరాన్ని నమ్ముకుని డిస్క్ ఎంచుకుంటే మిగిలిన తొమ్మిదిసార్లూ చెట్టుకే తగులుతుంది.

రాసుకున్నది చూస్తే అసలు స్థితి తెలుస్తుంది. ఉదాహరణకు ఒకరి పట్టర్ 50 మీటర్లు, మిడ్‌రేంజ్ 65, ఫెయిర్‌వే డ్రైవర్ 78, దూరపు డ్రైవర్ 80 మీటర్లు వెళ్లాయనుకుందాం. అంకెల ప్రకారం చివరి రెండింటి మధ్య ఎంతో తేడా ఉండాలి. చేతిలో మాత్రం తేడా రెండు మీటర్లే. అంటే ఆ దూరపు డ్రైవర్ సంచిలో చోటు ఆక్రమిస్తున్నదే తప్ప పని చేయడం లేదు. పట్టర్‌కూ మిడ్‌రేంజ్‌కూ మధ్య ఉన్న 15 మీటర్లే నిజమైన ఎడం. బుట్టకు చేరువ చేసే విసుర్లు ఎక్కువగా ఈ దూరాల్లోనే పడతాయి కనుక అది ప్రతి ఆటలోనూ దెబ్బతీస్తుంది. అలాగని వెంటనే కొనాలనీ లేదు. మిడ్‌రేంజ్‌నే కాస్త బలం తగ్గించి విసిరితే 58 మీటర్లు వస్తుందేమో ముందు చూడాలి. వస్తే ఖర్చు లేకుండానే లోటు తీరినట్లు.

మైదానంలో తేలనిది కోర్సులో తేలుతుంది. ఆట ముగిశాక ఏ రంధ్రం వద్ద ఇబ్బంది పడ్డారో చిన్న పుస్తకంలో రాసుకునే అలవాటు చేసుకోవాలి. ఇక్కడ రంధ్రమంటే బుట్టే. గోల్ఫ్ పరిభాష అలాగే మిగిలిపోయింది. ఎదుట 'చేయి తప్పింది' అనో, 'తగిన డిస్క్ లేదు' అనో నిజాయతీగా నమోదు చేయాలి. మొదటి రకానికి మందు సాధన, రెండో రకానికి మాత్రమే దుకాణం. మూడు నాలుగు ఆటల్లో అదే మాట మళ్లీ మళ్లీ వస్తే అది నిజంగా లోటే.

ఎక్కువగా కనిపించే లోట్లు

ఎదురుగాలికి తట్టుకునే డిస్క్ లేకపోవడం వీటిలో మొదటిది. మన కళ్లాల్లో చేటతో తూర్పారబట్టేవారికి గాలి ఎటు నుంచి వస్తున్నదో చూడకుండా పని సాగదు. డిస్క్ గోల్ఫ్‌లోనూ అంతే. ఎదురుగాలి వీస్తే డిస్క్‌కు గాలితో పోల్చిన వేగం పెరుగుతుంది. దాంతో మామూలు రోజున తిన్నగా పోయేది కూడా కుడికి తిరగబడి నేలపాలవుతుంది. వెనుకగాలిలో ఇందుకు వ్యతిరేకం. ముందే వేగం కోల్పోయినట్లై ఎడమకు దిగిపోతుంది. అందువల్ల సంచిలో కుడికి మొగ్గని ఓవర్‌స్టేబుల్ డిస్క్ ఒకటైనా ఉండాలి. దగ్గరి దూరాలకు డిస్క్రాఫ్ట్ వారి జోన్, కాస్త దూరానికి ఫైర్‌బర్డ్ ఈ పనికి పేరుపొందాయి. జోన్ అంకెలు 4, 3, 0, 3. దానికి తేలే గుణం తక్కువ. అది లోపం కాదు, ఉపయోగం. బుట్ట వెనుక వాలు గానీ నీరు గానీ ఉన్నచోట పడ్డచోటే ఆగిపోయే డిస్క్ విలువ తెలుస్తుంది.

రెండోది కుడికి మళ్లి కుడివైపే దిగే విసురు. కుడిచేతివాటం వారికి సహజంగా అన్నీ ఎడమకే దిగుతాయి. దారి కుడికి తిరిగిన చోట కొందరు ఫోర్‌హ్యాండ్‌తో నెట్టుకొస్తారు. అది రానివారికి అండర్‌స్టేబుల్ డిస్క్ తప్పనిసరి. ఫోర్‌హ్యాండ్ బాగా వచ్చిన వ్యక్తికి ఇదే స్థానంలో లోటు లేనట్లే. ఒకరి సంచిని చూసి మరొకరు కొనరాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. లెపర్డ్ వంటివి ఈ అవసరానికి సరిపోతాయి. ఇన్నోవా వారి రోడ్‌రన్నర్ టర్న్ మైనస్ 4 వరకు ఉంటుంది. దీన్ని నేలమీద చక్రంలా దొర్లించడానికి కూడా వాడుతుంటారు. చెట్ల కొమ్మలు కిందికి వాలి గాలిలో దారి లేనప్పుడు ఆ దొర్లుడే ఆదుకుంటుంది.

మూడోది తిన్నటి మిడ్‌రేంజ్. బజ్ ఈ విషయంలో చిరకాలంగా ఆదరణ పొందుతోంది. ఇన్నోవా వారి మాకో3 అంకెలు 5, 5, 0, 0. ఎటు వంచి విసిరితే అటే పోతుంది కాబట్టి ఆటగాడి తప్పును కప్పిపుచ్చదు. నేర్చుకునేవారికి ఇంతకు మించిన గురువు లేదు, ఓర్పు మాత్రం కావాలి.

ఇక లోటు కాకపోయినా లోటుగా భ్రమపడేది దూరపు డ్రైవర్. దుకాణంలో ముందుగా చెయ్యి పోయేది దానిమీదకే. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ నెవాడా ఎడారిలో 338 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. అలాంటి వార్తలు చదివి స్పీడ్ 12, 13 కొనేవారికి కొదవ లేదు. ఆ విసురుకు ఎడారి గాలి తోడుందన్న సంగతి, అంతకు మించి ఆ చేయి వేరన్న సంగతి మరుస్తారు. ఆటగాళ్లలో చెలామణిలో ఉన్న ముతక లెక్క ప్రకారం 75 మీటర్లు దాటి విసరలేని వారికి స్పీడ్ 7కు మించినది ప్రయోజనం ఇవ్వదు. వెడల్పాటి అంచును తగిన వేగం లేకుండా విసిరితే పైకి లేచి ఎడమకు పడిపోతుంది. ఆ లోపాన్ని కప్పుకోవడానికి బలమంతా కూడగట్టి విసరడంతో భుజం, మోచేతిపై భారం పడుతుంది. ఇదే ఆటగాడు 7 స్పీడ్ డిస్క్‌తో నెల రోజులు సాధన చేస్తే దూరం దానంతటదే పెరుగుతుంది.

మొదటి మూడింటి తర్వాత నాలుగోది ఏది?

ఇన్నోవా వారు కొత్తవారికి కట్టగా అమ్మే ప్యాకెట్‌లో సాధారణంగా ఏవియార్, షార్క్, లెపర్డ్ ఉంటాయి. ఒకటి పట్టర్, ఒకటి మిడ్‌రేంజ్, ఒకటి ఫెయిర్‌వే డ్రైవర్. మొదటి కొన్ని నెలలకు ఇవి చాలు. నాలుగోది ఏది కొనాలన్న దగ్గరే దారులు చీలతాయి.

తొలిరోజుల్లో లెపర్డ్ తిన్నగా పోయి చివర్లో ఎడమకు దిగుతుంది. చేయి బలపడే కొద్దీ అదే లెపర్డ్ కుడికి తిరగడం మొదలవుతుంది. 'డిస్క్ పాడైంది' అని కొందరు పక్కన పెడతారు. నిజానికి పాడైనది లేదు, ఆటగాడు మెరుగయ్యాడు. ఇంతవరకు లెపర్డ్ చేసిన తిన్నటి పని చేయడానికి ఇప్పుడు మరొకటి కావాలి. టీబర్డ్ వంటిది ఆ స్థానంలోకి వస్తుంది. లెపర్డ్ కుడి మలుపులకు మారుతుంది. ఇలా చేయి మెరుగుపడినప్పుడు పుట్టుకొచ్చేదే అసలైన లోటు. దీనికి పెట్టే డబ్బు వృథా పోదు. ఆ తర్వాత ఐదోదిగా గాలికి తట్టుకునే ఓవర్‌స్టేబుల్ ఒకటి, ఆరోదిగా తిన్నటి మిడ్‌రేంజ్ చేరితే పార్కు ఆటకు సంచి దాదాపు నిండినట్లే. ఏడోది కొనాలనుకుంటే మరో ఏవియార్ కొనడం మేలు. బుట్టలోకి వేసే పట్టర్ ఒకే రకంవి రెండు ఉంటే సాధనలో నడక తగ్గుతుంది, ఒకటి పోయినా చేతికి అలవాటైన స్పర్శ పోదు.

అరిగిన డిస్క్ కూడా ఆస్తే

ప్లాస్టిక్ రకాల ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తి కాదు. ఇన్నోవాలో డీఎక్స్ అన్నది చౌక రకం. పట్టు బాగుంటుంది, త్వరగా అరుగుతుంది. చాంపియన్, స్టార్ అన్నవి ఖరీదైనవి, మన్నికైనవి. చౌక రకం 10 డాలర్ల ప్రాంతంలో దొరికితే మన్నికైనది సుమారు 20 డాలర్ల వరకు పలుకుతుంది. చౌకది కొంటే నష్టమని తేల్చేయడం సరికాదు. చెట్లకు తగిలి తగిలి అంచు అరిగిన డిస్క్ క్రమేణా అండర్‌స్టేబుల్‌గా మారుతుంది. అనుభవజ్ఞులు దీన్నే వరంగా మలచుకుంటారు. ఒకే నమూనావి మూడు పెట్టుకుని, కొత్తది ఎదురుగాలికి, ఓ మోస్తరుగా అరిగినది తిన్నటి విసురుకు, బాగా అరిగినది కుడి మలుపుకు వాడతారు. చేతికి మూడూ ఒకేలా అనిపిస్తాయి. పట్టు మార్చుకోవాల్సిన పని లేదు. ఇన్నోవా వారి రాక్ మిడ్‌రేంజ్‌ను ఇలా వాడుకోవడం ఆటగాళ్లలో పాత సంప్రదాయమే. మూడు వేర్వేరు డిస్కులు నేర్చుకోవడం కన్నా ఒకదాని మూడు వయసులను నేర్చుకోవడం తేలిక.

ఈ పద్ధతిలో మెలకువ ఒకటుంది. సంచిలో చాలాకాలంగా నమ్మకంగా ఉన్న డిస్క్ నెమ్మదిగా అరుగుతూ తన పని మానేస్తుంది. ఆ మార్పు రోజువారీగా కంటికి కనపడదు. ఒకప్పుడు తిన్నగా పోయిన చోట ఇప్పుడు వరుసగా కుడికి పోతుంటే కొత్త నమూనా కోసం వెతకాల్సిన పని లేదు, అదే డిస్క్ కొత్తది కొంటే చాలు.

వాతావరణాన్ని బట్టి కూడా అవసరాలు మారతాయి. అమెరికా ఉత్తర రాష్ట్రాల శీతాకాలంలో కొన్ని రకాల ప్లాస్టిక్ బిగుసుకుపోయి చేతిలో జారుతుంది. చలికి దూరమూ తగ్గుతుంది. అలాంటిచోట మెత్తని పట్టర్ ఒకటి అదనంగా ఉంచుకోవడంలో అర్థముంది. టెక్సాస్ ఎండల్లో ఆడేవారికి దాని అవసరం రాకపోవచ్చు. బరువు విషయానికొస్తే, తేలికపాటి డిస్క్‌ను వేగంగా విసరడం సులువు, కానీ గాలికి త్వరగా చెదురుతుంది. చేతి వేగం తక్కువగా ఉన్నవారు, పిల్లలు 150 గ్రాముల పైచిలుకు డిస్కులతో మొదలుపెట్టడంలో చిన్నతనమేమీ లేదు.

పేరు చూసి కాదు..

2020లో కరోనా వేళ ఆరుబయట దూరదూరంగా ఆడుకునే వీలుండటంతో ఈ ఆటకు ఆదరణ అమాంతం పెరిగింది. దుకాణాల్లో డిస్కుల కొరత ఏర్పడేంత వరకు వెళ్లింది. 2021లో పాల్ మెక్‌బెత్‌తో డిస్క్రాఫ్ట్ సంస్థ పదేళ్ల కాలానికి కోటి డాలర్ల ఒప్పందం ప్రకటించింది. ప్రముఖ ఆటగాళ్ల పేర్లతో డిస్కులు అమ్మడం, అందులో కొంత భాగం వారికి చేరడం ఈ రంగంలో మామూలే. అభిమాన ఆటగాడి పేరున్న డిస్క్ కొనుక్కోవడం తప్పు కాదు. గూట్లో అలంకారంగా పెట్టుకోవచ్చు. సంచిలోకి మాత్రం ఆ పేరును చూసి చేర్చరాదు. ఆ చేయి విసిరే వేగానికి తగ్గట్టు ఎంచుకున్నది సాధారణ ఆటగాడి చేతిలో మరోలా ప్రవర్తిస్తుంది.

కొనే ముందు తోటి ఆటగాళ్లను అడిగి రెండు మూడుసార్లు విసిరి చూడటం ఉత్తమం. ఈ ఆటలో అడిగితే కాదనేవారు తక్కువ. వాడిన డిస్కులు అమ్మే దుకాణాలూ అక్కడ ఉంటాయి. అరిగిన తీరు చేత్తో తడిమి చూసుకుని తక్కువ ధరకు తెచ్చుకోవచ్చు. వాటి వెనుక పాత యజమాని పేరు, ఫోను నంబరు రాసి ఉంటే ఆయనకు తెలియజేయడం అక్కడి మర్యాద. పొదల్లో, చెరువుల్లో పోయిన డిస్కులు ఈ రాతవల్లే తిరిగి ఇల్లు చేరుతుంటాయి. కొత్తది కొన్న వెంటనే చెరగని సిరాతో అడుగుభాగాన పేరు రాసుకోవడం మరవకూడదు.

కొత్త డిస్క్ సంచిలోకి వచ్చిన రోజే, ఏ లోటు కోసం తెచ్చారో ఆ విసురును మైదానంలో ఇరవై ముప్పై సార్లు వేసి చూడాలి. ఆ తర్వాత నెల రోజుల పాటు ఆటలో ఆ ఒక్క పనికే వాడాలి. దాని రాకతో సంచిలో పని కోల్పోయిన పాతది ఏదో గుర్తించి బయటకు తీయాలి. అయితే పారేయకూడదు. అదే నమూనా కొత్తది నీటిపాలైన రోజున ఇంట్లో ఉన్న పాతదే అక్కరకొస్తుంది.